పసిబిడ్డ ఊపిరికి పరీక్ష

పెద్దవాళ్ల ఊపిరితిత్తుల పరీక్ష చాలామందికి తెలిసిందే. గొట్టం నోట్లో పెట్టి "గట్టిగా ఊదండి, ఇంకా, ఇంకా" అంటారు. అయిదారేళ్ల పిల్లలు కూడా ఒకటి రెండుసార్లు నేర్పితే ఊదగలరు. ఆరు నెలల బిడ్డకు ఊదమని ఎలా చెబుతాం?

అందుకే పసిపిల్లలకు వేరే పద్ధతులున్నాయి. ఒకదానిలో మందిచ్చి నిద్రపుచ్చి, ముఖానికి మాస్కు పెట్టి, ఛాతీకి గాలి నింపే జాకెట్టు చుడతారు. బిడ్డ గాలి పీల్చుకోగానే జాకెట్టు ఉబ్బి ఛాతీని నొక్కుతుంది. అప్పుడు బయటికొచ్చే గాలి వేగాన్ని యంత్రం కొలుస్తుంది. మరోదానికి మత్తు లేకపోయినా ఫరవాలేదు. పాలు తాగి నిద్రపోయిన బిడ్డ ఊపిరితిత్తుల్లోంచి ఒక హానిలేని వాయువు ఎంత త్వరగా బయటికి పోతుందో చూస్తారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బులో, పైకి బాగానే కనిపించే కొందరు బిడ్డల్లో కూడా లోపలి తేడా ఇందులో బయటపడుతుంది.

బిడ్డకు పిల్లికూతలు వస్తున్నాయి, అప్పు చేసైనా పట్నం తీసుకెళ్లి ఈ పరీక్ష చేయించాలా అని మా బడికి వచ్చే తల్లులు అడుగుతుంటారు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప అక్కర్లేదనే మేము చెబుతాం. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు బిడ్డల అంకెల మధ్యే చాలా తేడా ఉంటుంది. ఒక్క బిడ్డ అంకె చూసి జబ్బును తేల్చడం కష్టం. ఇచ్చే మందు కూడా చాలావరకు మారదు.

అలాగని పరీక్ష వృథా కాదు. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలైన అధ్యయనం చాలామంది పిల్లలను పుట్టుక నుంచి గమనించింది. ఏ జబ్బూ రాకముందే ఊపిరితిత్తుల శక్తి తక్కువగా ఉన్న పసివాళ్లకు తొలి ఏళ్లలో పిల్లికూతలు ఎక్కువగా వచ్చాయని తేలింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పొగ తాగితే బిడ్డ ఊపిరితిత్తులు దెబ్బతింటాయని కూడా ఇలాంటి పరీక్షలే చూపాయి. మన ఆడవాళ్లు తాగరు కదా అనుకుంటాం. ఇంట్లో మగవాళ్ల బీడీ పొగ ఎక్కడికి పోతుంది? గురువారం లోబాన్, నీళ్లు పోశాక సాంబ్రాణి కూడా పొగే. పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే, బిడ్డ ఉన్న గదిలో వేయొద్దు.

ఇంట్లో చేయగల లెక్క ఒకటుంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ, గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఆ తర్వాత ఏడాది లోపు 50, అంతకు మించినా ప్రమాదమే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే దవాఖానాకు బయలుదేరండి.