పొట్టలో గొట్టం ఉన్న పెద్దాయనకు జ్వరం వస్తే

మీరు ఖమ్మంలో ఉన్నా, అత్తవారిల్లు భద్రాచలం అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు అయితే ఈ సంగతి మీకు తెలిసిందే. అక్కడ ఒళ్ళు కాలిందంటే చాలు, "మన్యం జ్వరంలెద్దూ" అంటారు. అడవి అంచున మలేరియా ఉన్నమాట నిజమే. కాని మామగారికి పొట్టలో రక్తనాళం ఆపరేషన్ అయి ఉంటే, అంతటితో సరిపెట్టుకోకండి.

గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. 65 ఏళ్ళు దాటిన మగవారిలో, ముఖ్యంగా చుట్టలూ బీడీలూ కాల్చినవారిలో, అది ఒకచోట సైకిల్ ట్యూబులా ఉబ్బవచ్చు. పగిలితే ప్రాణం దక్కడం కష్టం. అందుకని అక్కడ డేక్రాన్ గుడ్డ గొట్టం వేసి కుడతారు. డేక్రాన్ అంటే మన చీరల్లోని పాలిస్టరేనండీ! 1950లలో అమెరికాలో డాక్టర్ మైకేల్ డిబేకీ ఇలాంటి గొట్టాలను తన భార్య కుట్టు మిషన్ మీదే కుట్టారు. మిషన్ ఆడవాళ్ళ వస్తువని ఇక ఎవరూ అనకూడదు మరి.

చిక్కేమిటంటే, ఆ గుడ్డకు ప్రాణం లేదు. మన కండలో క్రిమి చేరితే రక్తంతోపాటు మందూ అక్కడికి చేరుతుంది. గుడ్డ పోగుల్లో చేరిన క్రిములు మాత్రం నీళ్ళ తొట్టిలో పాచిలాగా జిగురుపొర కట్టుకుని కూర్చుంటాయి. మందు లోపలికి దిగదు. ఇవి ఆపరేషన్ నాడే చేరవచ్చు. గజ్జల్లో మానని కుట్టు నుంచో, మరో పుండు నుంచి రక్తంలో కలిసో, ఏళ్ళ తరువాత కూడా చేరవచ్చు. నూటికి ఏ ఒకరిద్దరికో వస్తుంది. వస్తే మాత్రం గొట్టం తీసేసి, రక్తాన్ని వేరే దారిన పంపే పెద్ద ఆపరేషన్ దాకా పోవచ్చు.

విడవని సన్నజ్వరం, నడుంనొప్పి, చిక్కిపోవడం, గజ్జల్లో చీము... వీటిని కనిపెట్టి ఉండండి. మలేరియా పరీక్ష వద్దనను, చేయించండి. దాంతోపాటు డాక్టరుగారికి గొట్టం సంగతి చెప్పి, రక్తం కల్చర్ చేయించాలా అని అడగండి. అలమారలో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్ళలు రెండు వేసేశారనుకోండి, జ్వరం నాలుగు రోజులు తగ్గుతుంది, క్రిమి కల్చర్‌లో దొరక్కుండా పోతుంది. డిశ్చార్జి కాగితం నకలొకటి మీ దగ్గర ఖమ్మంలోనే ఉంచుకోండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు కాగితాలెవరు చూస్తారు?

ఇంకొక్క మాట. విరేచనం తారులా నల్లగా అయినా, రక్తం కక్కినా, గొట్టం పేగును ఒరుసుకుంటున్నదేమోనని అనుమానించాలి. మొదట కాస్త పడి ఆగుతుంది. ఆగింది కదా అని తెల్లవారేదాకా చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. అక్కడి నుంచి రక్తనాళాల సర్జన్లుండే హైదరాబాదు 300 కిలోమీటర్ల పైమాటే.