కుళాయి నీటి నాణ్యతా నివేదికలు – పరిశీలించవలసిన అంశాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలుగా ఏర్పడ్డాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఈ ప్రాంతంలో బోరు నీటిలోని ఫ్లోరైడ్ దీర్ఘకాలిక సమస్యగా ఉండేది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా శుద్ధి చేసిన కృష్ణా జలాలు ఈ ప్రాంతానికి అందుబాటులోకి వచ్చాయి. అయితే పట్టణాలలో ఈ పథకం నీటిని పెద్ద మొత్తంలో అందజేసే వరకే పరిమితం. అక్కడి నుండి వీధి కుళాయి వరకు పంపిణీ బాధ్యత పురపాలక సంఘానిది. శుద్ధి కేంద్రం వద్ద సురక్షితంగా ఉన్న నీరు పైపుల లీకేజీల వల్ల దారిలోనే కలుషితమయ్యే అవకాశం ఉంది. 2022 జూలైలో గద్వాలలో కలుషిత నీటి కారణంగా పలువురు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైనట్లు వార్తలు వెలువడ్డాయి. అందువల్ల నాణ్యతా నివేదికలను సక్రమంగా అర్థం చేసుకొనవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

ప్రమాణాలు

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం ఆధారం. దీని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదు. ప్రత్యామ్నాయ వనరు లేని పక్షంలో మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు సడలింపు ఉంటుంది. కరిగిన లవణాల పరిమితి 500 కాగా, సడలింపు 2,000 మిల్లీగ్రాముల వరకు ఉంది. నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. దీనికి సడలింపు లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ-కోలి సూక్ష్మజీవులు అసలు కనిపించరాదు. క్లోరిన్‌తో శుద్ధి చేసిన నీటిలో మిగులు క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కనుక నివేదికలో “పరిమితికి లోబడి ఉన్నది” అని పేర్కొన్నప్పుడు, అది మొదటి పరిమితియా, సడలింపు పరిమితియా అన్నది గమనించాలి.

నమూనా సేకరణ

నమూనాను ఎక్కడ, ఎప్పుడు సేకరించారన్నది ఫలితమంత ముఖ్యమైనది. శుద్ధి కేంద్రం, ఓవర్‌హెడ్ ట్యాంకు, పైపులైను చివరి కుళాయి – ఈ మూడు చోట్ల ఫలితాలను సరిపోల్చినప్పుడే లోపం ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది. ట్యాంకు వద్ద తగినంతగా ఉన్న క్లోరిన్ చివరి కుళాయి వద్ద లేకపోతే, మధ్యలో కాలుష్యం చేరినదేమోనని అనుమానించవలసి ఉంటుంది. మిగులు క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది గనుక దానిని కుళాయి వద్దనే క్లోరోస్కోప్‌తో పరీక్షించాలి. సూక్ష్మజీవుల పరీక్షకు శుభ్రపరచిన సీసాలో సేకరించిన నమూనా చల్లగా ఉంచబడి, 24 గంటలలోగా ప్రయోగశాలకు చేరాలి. బోరు నీటిని కలిపి సరఫరా చేసిన రోజుల ఫ్లోరైడ్ ఫలితాలను విడిగా చూడాలి. నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు నశిస్తాయి గాని ఫ్లోరైడ్ తొలగిపోదు.

సంఖ్యలు, శాతాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 5 వేల నుండి లక్ష వరకు జనాభా గల పట్టణాలలో ప్రతి 5 వేల మందికి ఏడాదికి 12 సూక్ష్మజీవ పరీక్షలు జరగాలి. ఈ లెక్కన 60 వేల జనాభాకు నెలకు 12 నమూనాలు అవసరం. వాటిలో 11 సంతృప్తికరంగా ఉంటే నివేదికలో దాదాపు 92 శాతం అని కనిపిస్తుంది. కాని విఫలమైన ఆ ఒక్క నమూనా ఒక వీధి మొత్తానికి సంబంధించినది కావచ్చు. ఆ వీధి పేరు, మరమ్మతు చేసిన తేదీ, తిరిగి జరిపిన పరీక్ష ఫలితం నమోదైనప్పుడే ఆ రికార్డు సంపూర్ణమైనదిగా భావించాలి. పరీక్షలే జరగని నెలను లోపాలు లేని నెలగా పరిగణించరాదు.

ఈ వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎవరైనా కోరవచ్చును. సాధారణంగా 30 రోజులలోగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. పాత్రికేయులు నెలవారీ సగటుతో సరిపెట్టుకొనక వార్డుల వారీ ఫలితాలను పరిశీలించడం, అధికారులు విఫలమైన నమూనాలపై తీసుకున్న చర్యలను తేదీలతో సహా నమోదు చేయడం ద్వారా వ్యాధులు ప్రబలక ముందే లోపాలను సరిదిద్దే అవకాశం కలుగుతుంది.