సాయంత్రం ఎనిమిదికి నెట్ ఎందుకు నెమ్మదిస్తుంది? ఆత్మకూరు దాకా డేటాను మోసుకొచ్చే ఖర్చు ఎవరిది?

మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్. పొద్దున ఆరింటికి స్పీడ్ టెస్ట్ పెడితే అంతా బాగానే కనిపిస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు మాత్రం వీడియో మధ్యలో ఆగి చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే 'రూటర్ ఆపేసి మళ్లీ ఆన్ చేయండి' అంటారు. కానీ రోజూ అదే సమయానికి నెమ్మదిస్తుంటే లోపం మీ రూటర్‌లో ఉండే అవకాశం తక్కువ. మీ ఊరి నుంచి బయటకు వెళ్లే దారి ఎంత వెడల్పుగా ఉందో, దానికి ఎవరు ఎంత కడుతున్నారో చూడాలి.

నంద్యాల జిల్లా ఆత్మకూరునే తీసుకుందాం (నెల్లూరు వైపుది కాదు, నల్లమల అంచున ఉన్నది). పక్కపక్క వీధుల్లో రెండిళ్లు, రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు. ఒకరు మరొకరికి వీడియో కాల్ చేస్తే అది నేరుగా వీధి దాటదు. రెండు నెట్‌వర్క్‌లు ఎక్కడ కలుస్తాయో అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావాలి. ఆ చోటు సాధారణంగా హైదరాబాద్, చెన్నై, ముంబయి లాంటి పెద్ద నగరంలో ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కాబట్టి ఈ దూరం వల్ల పోయే సమయం లెక్కలోకి రాదు. పోయేది డబ్బు.

పీరింగ్ అంటే ఏమిటి? ట్రాన్సిట్ అంటే?

ఇరుగుపొరుగు కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నట్టు రెండు నెట్‌వర్క్‌లు తమ ఖాతాదారుల డేటాను నేరుగా మార్చుకోవడం పీరింగ్. మామూలుగా ఇందులో ఎవరూ ఎవరికీ బిల్లు వేయరు. ట్రాన్సిట్ అలా కాదు. 'ప్రపంచంలో ఎక్కడికైనా నీ డేటాను చేరుస్తా, నెలకు ఇంత కట్టు' అని పెద్ద కంపెనీ చిన్న కంపెనీకి అమ్మే సేవ అది.

ఈ బిల్లు లెక్కలో ఒక తమాషా ఉంది. చాలా ఒప్పందాల్లో ప్రతి 5 నిమిషాలకు వాడకాన్ని కొలిచి, నెలాఖరున అత్యధికంగా ఉన్న 5 శాతం కొలతలను వదిలేస్తారు. అంటే నెలలో 36 గంటలు మినహాయింపు. కానీ రోజూ సాయంత్రం నాలుగు గంటల రద్దీ ఉంటే నెలకు 120 గంటలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం లైను ఖాళీగా ఉన్నా ఆపరేటర్ బిల్లు సాయంత్రం రద్దీని బట్టే తేలుతుంది. ఖర్చు తగ్గించుకోవాలనుకునే ఆపరేటర్ ఎక్కడ బిగిస్తాడో మీరే ఊహించుకోవచ్చు.

దేశంలోని డేటా విదేశాలు చుట్టి రాకుండా ఇక్కడే మార్చుకోవడానికి 2003లో నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ దాని ఎక్స్ఛేంజ్ ఉంది. అయితే అక్కడ ఏళ్లపాటు 'తీసుకున్నవాడే చెల్లించాలి' అనే పద్ధతి నడిచింది. ఇళ్లకు కనెక్షన్లిచ్చే చిన్న ఆపరేటర్ పంపేది తక్కువ, తెచ్చుకునేది ఎక్కువ. కాబట్టి ఆ భారం అతని మీదే పడింది.

ఆత్మకూరుకు అసలు ఖర్చు ఎక్కడ?

ట్యాంకర్ నీళ్లు కొన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మనం కట్టేది నీళ్లకు కాదు, మోసుకొచ్చినందుకు. హైదరాబాద్‌లో ఎక్స్ఛేంజ్ పక్కనే ఉన్న ఆపరేటర్‌కు, అక్కడి నుంచి వందల కిలోమీటర్లు లైను అద్దెకు తీసుకునే ఆపరేటర్‌కు తేడా అదే. ఏపీ ఫైబర్‌నెట్ తలకెత్తుకున్నది ఈ మోత బరువునే. తవ్వకాల ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయలే. ఇంటిదాకా తీగ లాగేది మాత్రం ఊళ్లోని కేబుల్ ఆపరేటరే.

ఇంకో దారి క్యాష్ సర్వర్. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు ఎక్కువమంది చూసే వీడియోలను నింపిన సర్వర్లను ఆపరేటర్లకు ఉచితంగానే ఇస్తాయి. కాకపోతే తగినంత ట్రాఫిక్ ఉండాలి. చిన్న ఊరి ఆపరేటర్‌కు ఆ అర్హత రావడం కష్టం. దూరం ఎక్కువున్నచోటే ఆ పెట్టె అవసరం ఎక్కువ, అక్కడికే అది రాదు.

మరి విశాఖకు సముద్రగర్భ కేబుళ్లు వస్తే? 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో అవీ ఉన్నాయి. రాష్ట్రానికి మేలే. కానీ మీ ఊరికి వచ్చే చివరి లైను ఇరుకుగా ఉంటే తీరంలో ఎన్ని కేబుళ్లు దిగినా రాత్రి ఎనిమిదికి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మీరేం చేయొచ్చు?

వైఫై కాకుండా ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పరీక్షించండి. మామూలు స్పీడ్ టెస్ట్ యాప్ దగ్గర్లోని సర్వర్‌ను ఎంచుకుంటుంది. అది మీ కంపెనీదే అయితే బయటి దారి ఇరుకు అందులో కనబడదు. ఫాస్ట్ డాట్ కామ్‌లోనూ చూడండి, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది. మొదటిది బాగుండి రెండోది రాత్రిపూట మాత్రమే పడిపోతుంటే అనుమానించాల్సింది బయటి దారినే. రెండు స్క్రీన్‌షాట్లూ ఆపరేటర్‌కు పంపి, 'రాత్రి ఎనిమిదికి మీ అప్‌లింక్ ఎంత నిండుతోంది?' అని అడగండి. ఫిర్యాదు నంబర్ తీసుకోవడం మరవకండి.