మీకు తెలుసా? జైలుకెళ్లిన సంపాదకుడే ప్రధాని అయ్యారు!

స్వీడన్‌కు మూడుసార్లు ప్రధానిగా పనిచేసి, నోబెల్ శాంతి బహుమతి అందుకున్న యాల్మార్ బ్రాంటింగ్ కాలేజీలో చదివింది ఖగోళశాస్త్రం! 1860లో స్టాక్‌హోంలో పుట్టిన ఆయన, ఉప్సలా విశ్వవిద్యాలయంలో గణితం, ఖగోళశాస్త్రం చదివి, స్టాక్‌హోం అబ్జర్వేటరీలో సహాయకుడిగా చేరారు. 1884లో దానికి స్వస్తి చెప్పి ‘టీడెన్’ పత్రికలో విదేశీ వార్తలు చూసే పనికి కుదిరారు. తర్వాత కార్మికుల పత్రిక ‘సోషల్ డెమోక్రాటెన్’ సంపాదకుడయ్యారు. మధ్యలో విరామాలున్నా 1917 దాకా ఆ కుర్చీ ఆయనదే.

● పత్రికలో అచ్చువేసినందుకు ఆయన జైలుకు కూడా వెళ్లారు. మాల్మో నగరంలో ఆక్సెల్ డానియెల్సన్ అనే తోటి సంపాదకుడి వ్యాసంపై దైవదూషణ కేసు పడింది. అందుకు నిరసనగా బ్రాంటింగ్ అదే వ్యాసాన్ని తన పత్రికలో మళ్లీ అచ్చువేశారు. శిక్ష పడుతుందని తెలిసి చేసిన పని అది. పడింది కూడా. స్టాక్‌హోంలోని లోంగ్‌హోల్మెన్ జైల్లో ఆయన ఆ శిక్ష అనుభవించారు. ఆ జైలు భవనం ఇప్పుడు హోటల్‌గా, మ్యూజియంగా ఉంది.

● అప్పట్లో స్వీడన్‌లో ఓటు కావాలంటే ఆస్తి అయినా ఉండాలి, ఏడాదికి 800 క్రోనార్ల ఆదాయమైనా ఉండాలి. కూలీనాలీ చేసుకునేవారిలో ఎక్కువమందికి ఓటు లేదు. ఆడవాళ్లకైతే పార్లమెంటు ఎన్నికల్లో ఓటే లేదు. అలాంటి రోజుల్లో, 1896లో ఉదారవాదుల మద్దతుతో గెలిచి పార్లమెంటులో అడుగుపెట్టిన మొదటి సోషల్ డెమోక్రాట్ బ్రాంటింగ్. 1902 దాకా సభలో ఆ పార్టీకి ఆయనొక్కరే. అయినా తుపాకీతో కాదు, ఓటుతోనే మార్పు తేవాలన్న మాట మీదే నిలబడ్డారు. ఉదారవాదులతో కలిసి ఆయన పార్టీ నడిపిన ప్రభుత్వ హయాంలోనే, 1919లో, మహిళలకూ ఓటు హక్కు ఇవ్వాలని పార్లమెంటు నిర్ణయించింది. 1921 ఎన్నికల్లో వాళ్లు తొలిసారి ఓటేశారు. ఐదుగురు మహిళలు పార్లమెంటుకు వెళ్లారు. ఆ ఎన్నికల తర్వాత బ్రాంటింగ్ రెండోసారి ప్రధాని అయ్యారు.

● 1920లో ఆయన్ను తొలిసారి ప్రధానిగా నియమించిన రాజు ఐదో గుస్తావ్, చిన్నప్పుడు బ్రాంటింగ్ చదివిన బెస్కోవ్ పాఠశాలలోనే చదువుకున్నారు.

● ప్రఖ్యాత రచయిత ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్‌కు నోబెల్ రాలేదు. ఆ లోటు తీర్చాలని జనమే చందాలు వేసుకుని 45,000 క్రోనార్లు పోగుచేశారు. 1912లో ఆ సొమ్మును ఆయన చేతికి అందించింది బ్రాంటింగే.

● 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోతానంది. సైన్యాన్ని దింపాలన్న కేకలు స్వీడన్‌లో గట్టిగానే వినిపించాయి. యుద్ధం వద్దని, నార్వేను తన దారిన పోనివ్వాలని గొంతెత్తినవారిలో బ్రాంటింగ్ ముందున్నారు. చివరికి రక్తపాతం లేకుండానే రెండు దేశాలూ విడిపోయాయి. శాంతి నోబెల్‌ను ఎంపిక చేసేది నార్వే కమిటీ. 1921లో ఆ బహుమతిని నార్వేకు చెందిన క్రిస్టియన్ లాంగెకు, స్వీడన్‌కు చెందిన బ్రాంటింగ్‌కు కలిపి ఇచ్చారు.

● ప్రధానిగా ఉన్నప్పుడూ, లేనప్పుడూ నానాజాతి సమితిలో స్వీడన్ గొంతు ఆయనదే. ఆయనకు అక్కడ ఎదురైన కఠిన పరీక్ష ఫిన్లాండ్‌తో వచ్చిన ఆలాండ్ దీవుల తగాదా. అక్కడి జనం మాట్లాడేది స్వీడిష్, కలవాలని కోరుకున్నది స్వీడన్‌తో. వాళ్ల తరఫున బ్రాంటింగ్ సమితి ముందు గట్టిగా వాదించారు. 1921లో తీర్పు ఫిన్లాండ్‌కు అనుకూలంగా వచ్చింది. బ్రాంటింగ్ తన అసంతృప్తిని దాచుకోలేదు. కానీ స్వీడన్ ఆ తీర్పుకు కట్టుబడింది. మనకు నచ్చిన తీర్పునే మన్నిస్తామంటే ఇక పంచాయితీ ఎందుకు? ఓడిపోయిన పక్షం మాట నిలబెట్టుకోబట్టే ఆ పరిష్కారం నిలిచింది. బ్రాంటింగ్ 1925లో కన్నుమూశారు. ఆలాండ్ నేటికీ ఫిన్లాండ్‌లో స్వయంపాలిత ప్రాంతమే. అక్కడి అధికార భాష స్వీడిష్. ఆ దీవుల్లో సైనిక స్థావరాలు ఉండకూడదన్న నియమం నేటికీ అమల్లో ఉంది.