వరి జన్యువులకు ఒక లైబ్రరీ



లైబ్రరీ అనగానే మనకు పుస్తకాల బీరువాలు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయే లైబ్రరీలో పుస్తకమన్నది ఒక్కటీ లేదు. మైనస్ 80 డిగ్రీల చలిలో ఉంచిన పెట్టెలు, వాటిలో వరుసగా ప్లాస్టిక్ పలకలు, ఒక్కో పలకలో 384 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఉన్న బాక్టీరియా, వరి మొక్క జన్యుపదార్థంలోని ఏదో ఒక ముక్కను తనలో దాచుకుని ఉంటుంది. దీన్ని బ్యాక్ లైబ్రరీ అంటారు. బాక్టీరియల్ ఆర్టిఫిషియల్ క్రోమోజోమ్ అనే పొడుగాటి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే బ్యాక్ అయింది. బాక్టీరియా కృత్రిమ క్రోమోజోము అని తెలుగు చేయవచ్చు గాని, మనమూ బ్యాక్ అనే అనుకుందాం.

ఇంతకీ దీని అవసరమేమిటి? వరిలో 12 క్రోమోజోములున్నాయి. వాటిలోని డి.ఎన్.ఎ.ను ఒక రాతగా భావిస్తే, అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. మన యాభై ఆరు అక్షరాలూ పిల్లల చేత దిద్దించే మాలాంటి వాళ్లకు ఇది తేలికే అనిపిస్తుంది. కాని ఆ నాలుగే తిరిగి తిరిగి వచ్చి మొత్తం 38 కోట్ల 90 లక్షల అక్షరాల రాత అవుతుంది. 1990లలో వాడుకలో ఉన్న యంత్రాలు ఒక విడతకు చదవగలిగినవి సుమారు 500 నుంచి 700 అక్షరాలు మాత్రమే. కనుక ముక్కలు చేయక తప్పదు. చిక్కు ముక్కలు చేయడంలో లేదు, తిరిగి వరుసలో పెట్టడంలో ఉంది.

ఒక పంచాంగాన్ని ఊహించుకోండి. దాని పది ప్రతులను అంగుళం అంగుళం ముక్కలుగా చింపి కలిపేశారు. మీ చేతికొచ్చిన ముక్క మీద ‘శుక్రవారం, రోహిణి’ అని ఉంది. ఇది ఏ నెలది? చెప్పలేం. ఎందుకంటే అదే మాట ఆ పంచాంగంలో వేరే చోట కూడా రావచ్చు. వరి రాత కూడా అంతే. అందులో మూడో వంతుకు పైగా పదే పదే వచ్చే రాతే. అదే పంచాంగాన్ని చిన్న ముక్కలుగా కాక సగం పేజీ, పేజీ చొప్పున చింపారనుకోండి. ఆ పెద్ద ముక్కలో నెల పేరో, పండుగ పేరో ఎక్కడో దొరుకుతుంది. ఒక ప్రతిని ఒక చోట, మరో ప్రతిని ఇంకో చోట చింపితే, ఒక ముక్క చివర మరో ముక్క మొదలుతో కలుస్తుంది. అలా పట్టుకుని వరుస కట్టవచ్చు. బ్యాక్ పద్ధతిలో కిటుకు ఇదే.

పెద్ద ముక్కను దాచడానికి మొదట ఈస్టును వాడారు. ఈస్టులో పది లక్షల అక్షరాల ముక్క కూడా పట్టేది. కాని రెండు వేర్వేరు చోట్ల ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, ఒకే ముక్కలా కనిపించి, చదివేవారిని తప్పుదారి పట్టించేవి. 1992లో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో షిజుయా, సైమన్, వారి సహచరులు మన పేగుల్లో కూడా ఉండే ఇ. కోలై బాక్టీరియాను ఈ పనికి పెట్టారు. ఆ బాక్టీరియాలో సహజంగా ఉండే ఒక డి.ఎన్.ఎ. వలయాన్ని తీసుకుని, దానిలో పరాయి ముక్కను కుట్టారు. ఈ వలయం ఒక్కో కణంలో ఒకటి రెండు ప్రతులకు మించి ఉండదు. అందువల్ల ముక్కలు ఒకదానితో ఒకటి కలగాపులగం కావడం తక్కువ. పట్టేది 3 లక్షల అక్షరాల వరకు; మామూలుగా లక్షా రెండు లక్షల మధ్య. ఈస్టు కన్నా తక్కువే, కాని నమ్మకమైనది. నన్నడిగితే ఈ బేరం మంచిదే.

లైబ్రరీ కట్టే పని ఓపికతో కూడినది. లేత వరి ఆకుల నుంచి కణకేంద్రకాలను తీసి, జున్నులాంటి జెల్లులో బిగిస్తారు; లేకపోతే పొడుగాటి డి.ఎన్.ఎ. పీచు కదిలిస్తేనే తెగిపోతుంది. ఆ తర్వాత కత్తెరలా పనిచేసే ఒక ఎంజైమును కొద్దిసేపు మాత్రమే తాకనిస్తారు. పూర్తిగా తెగనిస్తే ముక్కలు మరీ చిన్నవైపోతాయి. తగిన సైజు ముక్కలను ఏరి, వలయాల్లో కుట్టి, చిన్న విద్యుత్ షాకుతో బాక్టీరియాలోకి పంపుతారు. లెక్క కూడా వేసి చూడండి. ముక్క లక్షా యాభై వేల అక్షరాలదైతే, వరి రాతంతా ఒక్కసారి కప్పడానికి సుమారు 2,600 ముక్కలు చాలు. కాని ముక్కలు మన ఇష్టప్రకారం రావు. కొన్ని చోట్లు పదిసార్లు వస్తే కొన్ని అసలు రావు. అందుకే పది రెట్లు, అంటే 26 వేల గుంటలైనా నింపుకుంటారు.

వరుస కట్టడానికి ప్రతి ముక్కనూ అదే ఎంజైముతో తెగ్గొట్టి, వచ్చిన తునకల పొడవులను వేలిముద్రలా పోల్చుతారు. రెండు ముక్కల వేలిముద్రల్లో చాలా గీతలు కలిస్తే అవి పక్కపక్కవే. అలా వరుస తేలాక, అతి తక్కువ ముక్కలతో మొత్తం కప్పే దారిని ఎంచుకుని, వాటినే పూర్తిగా చదువుతారు.

జపాన్ నాయకత్వంలో పది దేశాల, ప్రాంతాల పరిశోధకులు వరిని ఇలాగే చదివారు. ఎంచుకున్న రకం జపాన్‌దైన నిప్పోన్‌బారే. దాని లైబ్రరీలలో కొన్ని జపాన్‌లో, కొన్ని అమెరికాలోని క్లెంసన్ విశ్వవిద్యాలయంలో తయారయ్యాయి. మన దేశం 2000లో చేరింది. 11వ క్రోమోజోములో ఒక భాగాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయం, భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు చదివారు. ఫలితం 2005 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చింది.

అయితే చదివింది ఒక్క జపాన్ రకాన్ని. మన పొలాల రకాలు చాలావరకు ఇండికా జాతివి. ఈ తేడా ఎంత ముఖ్యమో వరద నీళ్లే తేల్చాయి. ఒడిశా ముంపు నేలల్లో రైతులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన నాటు రకం నుంచి ఎంపిక చేసినది ఎఫ్.ఆర్.13ఎ. అది రెండు వారాలు నీటి అడుగున ఉండి కూడా బతుకుతుంది. ఆ గుణం 9వ క్రోమోజోములో ఉందని తెలిశాక, శాస్త్రజ్ఞులు ఆ చోటును నిప్పోన్‌బారే రాతతో పోల్చి చూశారు. అక్కడ దగ్గరి చుట్టాల్లాంటి జన్యువులు ఉన్నాయి గాని, అసలు పనిచేసే సబ్1ఎ జన్యువు లేనే లేదు! చివరికి ఎఫ్.ఆర్.13ఎ సంతతి వరి నుంచి తీసిన బ్యాక్ ముక్కలను చదివితే అది బయటపడింది. 2006లో ఆ సంగతి ప్రకటించారు. నీట మునిగినప్పుడు మామూలు వరి పైకి సాగుతూ ఉన్న బలమంతా ఖర్చు చేసుకుంటుంది. సబ్1ఎ ఉన్న వరి ఎదుగుదల ఆపి, పిండిపదార్థం దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది.

ఆ గుణాన్ని పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన ఎం.టి.యు. 7029లోకి, అంటే మన స్వర్ణలోకి, సంకరాల ద్వారా తెచ్చారు. ఇది అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో జరిగింది. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. దుబ్బు చేసే దశలో వచ్చి రెండు వారాల్లోపు తీసే ముంపుకే ఇది పనికొస్తుంది. నెలల తరబడి నిలిచే నీటికి కాదు, పూత దశకూ కాదు.

ఇప్పుడు ఒక విడతలో వేల, లక్షల అక్షరాలు చదివే యంత్రాలు వచ్చాయి కనుక, కొత్తగా బ్యాక్ లైబ్రరీలు కట్టడం తగ్గింది. పాతవి ఫ్రీజర్లలోనే ఉన్నాయి. సందేహం వచ్చిన చోట ఆ గుంట తెరిచి అదే ముక్కను మళ్లీ పెంచుకోవచ్చు.

ఒక చిన్న మాట. స్వర్ణ సబ్1 విత్తనం తెచ్చుకున్నవారు సంచి విప్పి, గింజ పైపొట్టు స్వర్ణలా బంగారు రంగులో లేదే, గడ్డి రంగులో ఉందే అని కంగారు పడతారు. కల్తీ అనుకోవద్దు. 9వ క్రోమోజోములో సబ్1ఎ పక్కనే ఉన్న కొంత రాత కూడా దానితో కలిసి వచ్చేసింది. ఆ రంగు తేడా దానివల్ల వచ్చిందే.