పునర్జన్మకు వాటా పత్రాలు

1967 జనవరి 12న అమెరికాలోని కాలిఫోర్నియాలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు క్యాన్సరుతో కన్నుమూశాడు. ఆయనకు దహనమూ జరగలేదు, ఖననమూ జరగలేదు. ఏనాటికైనా వైద్యశాస్త్రం తనను బ్రతికించగలదన్న ఆశతో ఆయన కోరిన విధంగా దేహాన్ని గడ్డకట్టించి భద్రపరిచారు. అది నేటికీ ఆరిజోనా రాష్ట్రంలో, సున్నాకు 196 సెంటీగ్రేడు డిగ్రీల దిగువన, ద్రవ నత్రజనిలో ఉన్నది. ఈ ప్రయత్నానికే క్రయోనిక్స్ అని పేరు.

ఇలా భద్రపరచినవారిలో ఒక్కరినైనా మేల్కొలపడం ఇంతవరకు ఎవరి తరమూ కాలేదు. మంచు స్ఫటికాలు జీవకణాలను చీల్చివేస్తాయి. మంచును అడ్డుకునే రసాయనాలు మోతాదు మించితే తామే విషమవుతాయి. కొద్దిపాటి కణాలున్న పిండం ఈ గండం గట్టెక్కగలదు. కలకత్తా వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ 53 దినాలు శీతలీకరించిన పిండం నుంచే 1978లో దుర్గ అనే బాలిక జన్మించింది. నిండు మానవ దేహం, అందునా మెదడు, వేరు మాట. దేహాలను దాచినంత మాత్రాన చాలదు, పరిశోధన సాగాలి.

అందుకు ధనమెక్కడిది? సభ్యులు జీవితబీమా ద్వారా చెల్లించే రుసుము తరతరాలపాటు దేహాన్ని చల్లగా ఉంచడానికే ఉద్దేశింపబడినది. దానిని ప్రయోగశాలకు మళ్ళిస్తే నోరులేని ఆ డిపాజిటుదారులకు ద్రోహం చేసినట్లే. చాట్స్‌వర్త్ శ్మశానవాటికలో నిధులు చాలక కొన్ని దేహాలు కరిగి శిథిలమైన ఉదంతం 1979లో బయటపడి ఈ ఉద్యమానికి మాయని మచ్చ తెచ్చింది.

కనుకనే కొందరు వాటాల మార్గం పట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో వెలసిన ట్రాన్స్ టైమ్ అనే క్రయోనిక్స్ కంపెనీతో సంబంధమున్న పాల్ సెగాల్ తదితరులు 1990లో బయోటైమ్ సంస్థను నెలకొల్పారు. అంతకుముందే వారు కుక్కల రక్తాన్ని తొలగించి, బదులుగా ఒక ద్రావణాన్ని నింపి, గడ్డకట్టే స్థాయికి సమీపం దాకా చల్లబరచి తిరిగి లేపారు. 1992లో బయోటైమ్ వాటాలు బహిరంగ విపణికి వచ్చాయి. విశ్వాసి అయిన సభ్యుడు కొన్న వాటాలో రెండు ఆశలుంటాయి: ఒకటి లాభాంశం, రెండవది తన ప్రాణం. విపణిలో కొన్న అపరిచితుడికి మొదటిదే కావాలి. ఎవరి మాట నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. శస్త్రచికిత్సలో రక్తం కోల్పోయిన రోగులకు ఎక్కించే హెక్స్‌టెండ్ అనే పిండిపదార్థ ద్రావణానికి 1999లో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది. ఇది నిజమైన ఫలితమే, కాదనలేము. కాని 2013లో ఆ తరగతి ద్రావణాలన్నిటిపై, మూత్రపిండాలకు హాని, ప్రాణాపాయం ఉన్నాయంటూ తీవ్రమైన హెచ్చరిక వెలువడింది. ఈలోగా, 2007లో, కొత్త నాయకత్వం సంస్థను మూలకణాల వైపు మళ్ళించింది. 2019లో పేరు కూడా లినియేజ్‌గా మారింది.

విపణికి ఎక్కని సంస్థ గతి వేరుగా ఉన్నది. 1993లో ఏర్పడిన ట్వెంటీఫస్ట్ సెంచురీ మెడిసిన్‌ను ప్రధానంగా పోషించినది పోషక మాత్రలు విక్రయించే లైఫ్ ఎక్స్‌టెన్షన్ ఫౌండేషన్. దాని అధిపతులు స్వయంగా క్రయోనిక్స్ విశ్వాసులు గనుక లాభం కోసం తొందరపెట్టలేదు. అక్కడ గ్రెగొరీ ఫాహీ బృందం ఒక కుందేలు మూత్రపిండాన్ని మంచు ఏర్పడకుండా గాజువలె ఘనీభవింపజేసి, వెచ్చబరచి, తిరిగి అమర్చింది. ఆ ఒక్క మూత్రపిండంతోనే కుందేలు 48 దినాలు జీవించినట్లు 2009లో ప్రకటించారు.

2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకల మూత్రపిండాలను ఇదే విధంగా 100 దినాల వరకు నిలువచేసి అమర్చి చూపారు. వారి లక్ష్యం మృతులను లేపడం కాదు. అవయవమార్పిడికై వేచి ఉన్న సజీవులకు అందించడం.