ఉషాపరిణయమును మన బాలికలును

మాయలును ప్రణయమును గల కథలను కన్యలు చదువదగునా యని కొందఱు తల్లులు సందేహింతురు. మన యిండ్లనుండు భాగవతమునే చూతము. జనగామ జిల్లాలోని బమ్మెరవారు తమవాడని చెప్పుకొను పోతన పేర వెలసినను, అది యొక్కరి కృతి గాదు. 5వ స్కంధము గంగన, 6వది సింగన, 11, 12 స్కంధములు నారయ రచించిరి. పోతన నవమమున ఊర్వశీపురూరవుల యెడబాటును, దశమమున ఉషాపరిణయమును చెప్పెను.

బాణుని కూతురు ఉష కలలో నొక సుందరుని జూచి మోహించెను. వాని పేరైన నెఱుగదు. చెలికత్తె చిత్రరేఖ ఆమెను మందలింపక, దేవగంధర్వులను, యాదవులను వరుసగా పటమున వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము గాంచగనే ఉష సిగ్గుతో తలవంచెను. చిత్రరేఖ యోగశక్తిచే ద్వారకకేగి, నిద్రించుచున్న యాతనిని దెచ్చెను. ఆ రహస్యము బయటపడినంతనే తండ్రి యాగ్రహము, నాగపాశము, హరిహరుల యుద్ధము. తుదకు బాణుని వేయి చేతులలో నాలుగే మిగిలెను.

ఉష తన మనసును చెలికి చెప్పుకొనగలిగెను, ఇంట చెప్పుకొనలేకపోయెను. అనర్థమంతయు అందుండియే పుట్టినదని మాకు తోచుచున్నది. కావున సోదరీమణులారా, పుస్తకమును దాచివేయకుడు. కూతును చెంత గూర్చుండబెట్టుకొని కలసి చదువుడు. ఆమెకు కల వచ్చిననాడు ముందుగా మీకే చెప్పును.